బాగుంది మరియు కాఫీ రాదు

శేషుబాబు నాలుకకు తెలిసిన రుచులు రెండే. ఒకటి ‘పర్వాలేదు’, రెండోది ‘ఊఁ’. గుత్తొంకాయ వండినా పర్వాలేదే, వండటం మరిచిపోయి నిన్నటి పులుసు వేడిచేసి పోసినా పర్వాలేదే. పెళ్లయిన కొత్తలో వకుళ ఈ రెండింటికీ తేడా కనిపెట్టాలని చాలా తంటాలు పడింది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివిన మనిషి కనుక ఏ కూరకు ఏ మాట వస్తోందో గమనిస్తూ వచ్చింది. చివరికి తేలిందేమిటంటే, నోట్లో ముద్ద ఉంటే ‘ఊఁ’, లేకపోతే ‘పర్వాలేదు’. కూరకూ దానికీ ఏ సంబంధమూ లేదు.

అందుకే ఫోనులో ఆ ప్రకటన కనబడినప్పుడు ఆవిడ చూపు బహుమతి మీద పడలేదు. రాష్ట్రస్థాయి చిట్టి ఆటల గేమ్ జామ్ అట. పాతకాలపు వీడియో గేముల పద్ధతిలో, నాలుగు రంగులకు మించకుండా, వారం రోజుల్లో ఎవరికి వారు ఒక చిన్న ఆట తయారుచేసి పంపాలట. కింద సన్నటి అక్షరాల్లో ‘పాల్గొన్న ప్రతి ఒక్కరికీ తోటి పోటీదారుల నుండి ఫీడ్‌బ్యాక్ అందజేయబడును’ అని ఉంది. వకుళ అక్కడ ఆగిపోయింది. అందజేయబడును అట. వడ్డించి, ఎదురుగా నిలబడి, మొహం చూసి అడుక్కోవాల్సిన పని లేకుండా.

జామ్ అనగానే పక్కవాటా ఆవిడ పళ్లగుజ్జు మరగబెట్టే పోటీ అనుకుని, ఖాళీ సీసాలున్నాయి కావాలా అని అడిగింది. ఆవిడ పొరబాటు పెద్దదేం కాదు. ఇందులోనూ మరిగేది ఉంటుంది, సీసాలోకి మాత్రం దిగదు.

వకుళ కాలేజీలో ప్రోగ్రాములు రాసింది. అప్పట్లో కంప్యూటర్ గది బయట చెప్పులు విప్పి, దణ్ణం పెట్టినంత పని చేసి లోపలికి వెళ్లేవారు. ఆ భక్తి ఇంకా కాస్త మిగిలే ఉంది. నెట్‌లో ఉచిత పాఠాలు చూసి, మధ్యాహ్నపు కునుకులన్నీ ధారపోసి, ఏలూరు పవర్‌పేటలోని తన వంటింటి బల్ల మీద ఒక ఆట తయారుచేసింది. పేరు ‘ఒక్క కాఫీ’.

తెర మీద ఒక ఇల్లాలు. చదరపు తల, చదరపు కొప్పు. స్టవ్వు మీద పాలు. ఆవిడకు కావల్సిందల్లా కూర్చుని, వేడిగా, ఒక్క గ్లాసు కాఫీ తాగడం. మొదటి గదిలో ఎవరో తలుపు కొడతారు. రెండో గదిలో మున్సిపాలిటీ కుళాయి వస్తుంది. మూడో గదిలో మొగుడు జేబురుమాలేదని అరుస్తాడు. ఇల్లాలు అన్నిటికీ పరిగెత్తాలి, పాలు పొంగేలోగా వచ్చి దించాలి. మూడు గదులూ దాటితే ఆఖరి తెర. అందులో ఇల్లాలు కుర్చీలో కూలబడుతుంది, గ్లాసులోంచి మూడు చుక్కల ఆవిరి లేస్తుంది, కుయ్ కుయ్ కుయ్ అని ఓ చిన్న పాట. ఆ ఆవిరి చుక్కలు వంకర తిరుగుతూ లేచేలా చేయడానికే వకుళకు సగం వారం పట్టింది. ఆఖరి తెరను నేరుగా తెరుచుకుని, రోజుకు పదిసార్లు చూసుకుని మురిసిపోయేది.

ఆట మొదలుపెట్టే మీట మీద ‘స్టార్ట్’ అని రాయబుద్ధి కాలేదు. ‘ప్రారంభించు’ అంటే తాలూకాఫీసులో అడుగుపెట్టినట్టుంది. వాళ్ల నాయనమ్మ వత్తులు చేయడానికైనా వాదన పెట్టుకోవడానికైనా ఒకటే మాట అనేది: ‘ఊఁ, కానీ.’ వకుళ మీట మీద ‘కానీ’ అని రాసింది. ముద్దుగా రెండక్షరాల్లో ఇమిడిపోయింది.

ఆట పంపాక, ఇహ ఆవిడ కోరిక ఒక్కటే. ఎవరో ఒకరు చివరిదాకా ఆడి ఆ కాఫీ సంగతి ఎత్తాలి. బాగుందననక్కర్లేదు. ‘కాఫీ వచ్చిందండీ’ అంటే చాలు.

పోటీ నడిపేది చిట్టి ఆటల ప్రోత్సాహక మండలి. కొత్తగా పుట్టిన సంస్థ. దానికి అభిప్రాయ నిర్వహణాధికారిగా పరాంకుశం గారు వచ్చారు. అంతకుముందు ఆయన ఎక్కడో ఫిర్యాదుల విభాగం చూసేవారట. ఆయన చేరిన ఏడాది తిరక్కుండా అక్కడ ఫిర్యాదులు సున్నాకు దిగాయని గొప్ప పేరు. ఫిర్యాదుల పెట్టెను మేడమీది నీళ్ల ట్యాంకు పక్కకు మార్పించి, మెట్ల తలుపుకు తాళం వేయించారని గిట్టనివాళ్లు అంటారు.

మండలి మొదటి నిబంధన సబబైనదే. అభిప్రాయం కావాలంటే ముందు ఇవ్వాలి, ఎన్ని ఇస్తే అన్ని వస్తాయి. వకుళ ఆ పని కుక్కర్ కూతల మధ్య పెట్టుకుంది. కూతకొక ఆట. ఆట తెరిచి, మొదటి బొమ్మ చూసి, ‘రంగుల కూర్పు కనువిందు’ అనో ‘బాల్యంలోకి తీసుకెళ్లారు’ అనో రాసి, పప్పు ఉడికేలోగా నలుగురి రుణం తీర్చుకునేది. నరసరావుపేట నుంచి ఒకాయన ‘పొట్టేళ్ల పందెం’ అని ఒక ఆట పంపాడు. నొక్కితే నల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. పోపు మాడేలా ఉంటే వకుళ తొందరగా రాసేసింది: ‘చీకటిని ఇంత ధైర్యంగా వాడుకున్న ఆటను ఈమధ్య చూడలేదు. పొట్టేలు కనబడదు, పొట్టేలుందన్న భయం చివరిదాకా వెంటాడుతుంది.’

దానికి మండలి ఉత్తమ ప్రోత్సాహక వాక్యమని నక్షత్రమిచ్చింది. ఆట చేసినాయన మాత్రం, ‘అమ్మా, అది నా దగ్గరా తెరుచుకోవడం లేదు, ఏం చేయాలో తెలిస్తే చెప్పండి’ అని దీనంగా రాసుకున్నాడు. ఆత్మన్యూనత నిబంధన కింద ఆ ముక్కను తొలగించారు.

వకుళకూ అభిప్రాయాలు వచ్చిపడ్డాయి. ‘అద్భుతం’ అన్నారు. ‘ఇంటిల్లిపాదీ ఆడదగ్గ ఆట’ అన్నారు. ‘పచ్చని పల్లె వాతావరణాన్ని కళ్లకు కట్టారు’ అన్నారు ఒకరు. ఆవిడ ఆటలో పచ్చరంగే లేదు. వకుళ ప్రతిదాన్నీ పైనుంచి కిందికి చదివి, కాఫీ అన్న మాట కోసం బియ్యంలో రాళ్లేరినట్టు ఏరింది. ఒక్కటీ దొరకలేదు. తను కూతకొకటి చొప్పున తేల్చినట్టే తనదీ ఎవరి కుక్కర్ మీదో తేలిపోయి ఉంటుందని ఆవిడకు తోచలేదు. తోచినా నిలవనివ్వలేదు.

అప్పుడు మొదటి ఉత్తర్వు వచ్చింది.

‘ఇందుమూలముగా సమస్త పోటీదారులకు తెలియజేయడమేమనగా, అభిప్రాయములయందు “బాగుంది కానీ” అను ప్రయోగము విస్తృతముగా కానవచ్చుచున్నది. సదరు “కానీ” తనకు పూర్వమందున్న ప్రోత్సాహమును సమూలముగా హరించుచున్నట్లు నిర్ధారణ అయినది. కావున తక్షణము అమలులోనికి వచ్చునట్లుగా “కానీ” నిషేధించడమైనది.’

జనం ‘అయితే’కు మారారు. రెండు రోజుల్లో ‘అయితే’ పోయింది. ‘కాకపోతే’ వచ్చింది, పోయింది. ‘మాత్రం’ ఒక పూట బతికింది. కొందరు తెలివిమీరి ‘బాగుంది’ అని రాసి పక్కన మూడు చుక్కలు పెట్టి ఊరుకునేవారు. చుక్కలలో నిక్షిప్తమైన అసంతృప్తి చుక్కలు లేనిదానికన్నా ప్రమాదకరమని గ్రహించి మండలి వాటినీ తీసేసింది. ఆఖరికి ఇంతమంది మాటలను మనుషులు వెతకడం కష్టమని ఒక యంత్రాన్ని పెట్టారు. ఎక్కడ ‘కానీ’ కనబడినా దాన్ని తీసి అక్కడ ‘మరియు’ పెట్టడం దాని పని. గుడివాడ నుంచి ఎవరో చేసిన ఆటలో దారిపొడుగునా చిల్లుకానీలు ఏరుకోవాలి. అవి రాత్రికి రాత్రి చిల్లుమరియులు అయ్యాయి.

వకుళ ఆట మొదటి తెర మీద కూడా ‘మరియు’ అని మీట వెలిసింది. ఆవిడ మండలికి ఫోన్ చేసింది. పరాంకుశం గారే ఎత్తారు.

‘‘అది ఆ కానీ కాదండీ. మొదలెట్టమనే కానీ,’’ అంది వకుళ.

‘‘అమ్మా, నిషేధం అర్థానికి కాదు, అక్షరాలకు. అర్థాలు పరిశీలించు సిబ్బంది మండలి వద్ద లేరు.’’

‘‘పోనీ...’’

‘‘పోనీ కూడా పరిశీలనలో ఉన్నదమ్మా,’’ అని ఆయన మర్యాదగా ఫోన్ పెట్టేశారు.

ఆ మధ్యాహ్నం వకుళ గోరుచిక్కుళ్ల ఈనెలు తీస్తూ కూర్చుంది. ఈనెలు తీసేటప్పుడు ఆవిడకు కొంటె ఆలోచనలు వస్తాయి, అది ఆ కూర దోషం. మండలి వెబ్‌సైట్లో ప్రతి ఆటకూ వచ్చిన మార్కులు, ఇచ్చినవాళ్లు ఆ ఆటను ఎంతసేపు ఆడారన్న వివరం పక్కపక్కనే ఉన్నాయి. చేయి తుడుచుకుని వాటిని చూసింది. ఆడినవాళ్లు వేసిన మార్కులు ఎప్పుడూ ఆడనివాళ్ల మార్కులకన్నా తక్కువే. కాలేజీలో లెక్చరర్ వాడకూడదని నెత్తీనోరూ బాదుకుని చెప్పిన తర్కాన్ని సరిగ్గా అలాగే పట్టుకుని, సూచనల విభాగానికి ఇలా రాసింది: ‘గణాంకాలను బట్టి ఆటల నాణ్యత పడిపోవడానికి ఏకైక కారణం వాటిని ఆడటమే. ఆడనివారికి ఆటమీద రాగద్వేషాలుండవు, వారి అభిప్రాయమే నిష్పాక్షికం. ఆడటాన్ని అరికడితే సగటు మార్కులు తప్పక పెరుగుతాయి.’ రాసి, తనలో తను నవ్వుకుని, కూర తాలింపు పెట్టుకుంది.

నాలుగో రోజున ఉత్తర్వు వచ్చింది. ‘ప్రముఖ గణాంక నిపుణురాలు సమర్పించిన శాస్త్రీయ నివేదికను మండలి ఏకగ్రీవముగా ఆమోదించి, ఇకపై అభిప్రాయదారులు ఆటలను ఆడరాదని నిర్ణయించడమైనది. ఇదివరకే ఆడియున్నవారు సదరు విషయమును స్వచ్ఛందముగా వెల్లడించి, తమ అభిప్రాయములను ఉపసంహరించుకొనవలెను.’

వకుళకు గుండె ఝల్లుమనాలి. న్యాయంగా అయితే వెంటనే ఫోన్ చేసి, అయ్యా అది వేళాకోళం అని చెప్పాలి. ఆవిడ చేసిన పని ఏమిటంటే, ‘ప్రముఖ గణాంక నిపుణురాలు’ అన్న చోటును వేలితో పెద్దది చేసి, భోంచేస్తున్న శేషుబాబు కళ్లముందు పెట్టింది.

‘‘ఊఁ,’’ అన్నాడాయన.

సగటు మార్కులు నిజంగానే పెరిగాయి. మండలి పండగ చేసుకుంది. ఆ సంబరంలో అభిప్రాయాల మీద కూడా అభిప్రాయాలు చెప్పడానికి ప్రత్యభిప్రాయ విభాగం తెరిచారు. సరిగ్గా ఆ రోజుల్లోనే వకుళకు ఒంగోలు నుంచి ఒక అభిప్రాయం వచ్చింది. రాసినావిడ పేరు ఖమరున్నీసా. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్. తనూ ఒక ఆట పంపింది. అందులో మనం టార్చిలైటు పట్టుకుని గోడ దూకే పిల్లల్ని వెతకాలి.

‘ఆట బాగుంది మరియు మూడో గదిలో పాలు దించినా పొంగుతున్నాయి మరియు కాఫీ రాదు.’

దాని కింద ప్రత్యభిప్రాయ విభాగం అప్పటికే రాసేసింది: ‘పాలు పొంగుట శుభసూచకము. గృహప్రవేశ స్ఫూర్తితో కూడిన మంగళకరమైన వ్యాఖ్య. నూటికి నూరు మార్కులు.’

వకుళ ముందు కాఫీ అన్న మాట చూసింది. ఒళ్లు పులకరించింది. ఎవరో ఆడారు. మూడో గది దాకా వచ్చారు. రుమాలు వెతికారు. ఆ సంతోషం ఒక గుటకసేపు నిలిచింది. తర్వాత ‘రాదు’ అన్న మాట కనబడింది.

రాకపోవడమేమిటి? మూడు చుక్కల ఆవిరితో సహా వస్తుంది. తను రోజూ చూస్తోంది. ఆవిడకు ఆడటం చేతకాక తన పాలను అంటుందా? అసలు ఒక పరాయి ఆడదాని వంటింట్లోకి వచ్చి, పాలు పొంగుతున్నాయని పదిమందిలో చెప్పడం ఏం మర్యాద? ఫీడ్‌బ్యాక్ కోసం ఇన్నేళ్లు మొహం వాచిన మనిషి, అసలైనది ఒక్కటి చేతికందేసరికి ముక్కుపుటాలు అదిరిపోయి, ప్రతి అభిప్రాయం కిందా మండలి అమర్చిన గులాబీరంగు మీట నొక్కేసింది. దాని మీద ‘నొచ్చుకున్నాను’ అని ఉంటుంది.

మర్నాడే తాఖీదు వచ్చింది. శ్రీమతి ఖమరున్నీసా ఆటను ఆడియున్నట్లు ఆమె వ్యాఖ్యలోనే ప్రాథమిక ఆధారములు లభ్యమైనవి, బాధితురాలు శ్రీమతి వకుళ సమక్షమున బెజవాడలో విచారణ జరుగును, నేరము రుజువైనచో సదరు వార్డెన్ ఆటను తొలగించి, ఆమెను జీవితకాలం అభిప్రాయము కలిగియుండుటకు అనర్హురాలిగా ప్రకటించడమగును.

జీవితకాలం అన్న మాట దగ్గర వకుళకు కాస్త ఇబ్బందిగా అనిపించింది. ఆ ఇబ్బందిని కోపంగా మార్చుకుని శేషుబాబు ముందు పెట్టింది. ఎవరో ఆవిడ నా ఆటలో కాఫీ రాదంటోంది చూడండి అంది.

శేషుబాబు నోట్లో అప్పుడు ముద్ద లేదు. ‘‘నీకొచ్చిందా?’’ అన్నాడు.

‘‘ఎందుకు రాదు? ఆఖరి తెర తెరిస్తే ఎదురుగా కాఫీయే.’’

‘‘అది సరే. మొదట్నించీ ఆడితే వచ్చిందా?’’

కాపురంలో అంత పొడుగాటి ఫీడ్‌బ్యాక్ ఆయన ఎన్నడూ ఇవ్వలేదు. వకుళ లోపలికి వెళ్లి, కంప్యూటర్ తెరిచి, తన ఆటను మొట్టమొదటిసారి మొదటినుంచి ఆడింది. తలుపు తీసింది. కుళాయి కట్టింది. మొగుడికి రుమాలిచ్చింది. పరుగున వచ్చి పాలు దించింది. దించిన పాలు, కింద మంట లేని పాలు, గట్టు మీద కూర్చుని నింపాదిగా పొంగాయి. మళ్లీ ఆడింది. మళ్లీ పొంగాయి. ప్రోగ్రాం విప్పి చూస్తే, ‘ఎక్కువ’ అని ఉండాల్సిన చోట ‘తక్కువ’ గుర్తు పెట్టి ఉంది. పాలు స్టవ్వుకు ఎంత దూరంగా జరిగితే అంత తొందరగా పొంగేట్టు తనే రాసింది. తన చదరపు ఇల్లాలికి ఈ జన్మలో కాఫీ రాసిపెట్టి లేదు.

గుర్తును అటుది ఇటు తిప్పడానికి ఒక్క క్షణం పట్టింది. తలెత్తడానికి చాలాసేపు పట్టింది.

మండలి కార్యాలయం బెజవాడలో ఒక కల్యాణమండపం పై అంతస్తులో ఉంది. వకుళ వెళ్లేసరికి కింద పెళ్లి జరుగుతోంది. మెట్ల మీద పన్నీరు చల్లించుకుని పైకెక్కాల్సి వచ్చింది. విచారణ గది బయట బెంచీ మీద, ఒళ్లో సంచీ, సంచీ మీద తాళాలగుత్తి పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. వకుళను ఎగాదిగా చూసింది.

‘‘వకుళ గారు మీరేనా? మీ పాలు పొంగుతున్నాయండీ,’’ అంది, పరిచయంగా.

‘‘తెలిసిందండీ,’’ అంది వకుళ నేల చూస్తూ.

లోపల పరాంకుశం గారు మధ్యలో, ఇద్దరు సభ్యులు అటూ ఇటూ కూర్చున్నారు. మాట్లాడిన ప్రతిమాటా ఎదుటి గోడ మీది తెరలో అక్షరాలై పడుతోంది. ‘కానీ’ని ‘మరియు’ చేసే యంత్రమే ఆ పనీ చూస్తోంది.

పరాంకుశం గారు గొంతు సవరించుకున్నారు. ‘‘శ్రీమతి ఖమరున్నీసా గారూ, సదరు ఆటను మీరు ఆడియుంటిరా, లేదా?’’

‘‘ఆటన్నాక ఆడమా అండీ?’’

‘‘ఎంత మేరకు ఆడియుంటిరి?’’

‘‘మూడో గది దాకా. ఆ మొగుడికి రుమాలిచ్చి, పరిగెత్తుకొచ్చి దించినా పొంగుతాయి. ఎన్నిసార్లు దించినా అంతే. మా హాస్టల్లో వంటమనిషైతే ఈపాటికి మార్చేసేదాన్ని.’’

సభ్యులిద్దరూ చెవులు మూసుకోబోయి ఆగారు. తెర మీద ఉన్నది చాలదా అన్నట్టు పరాంకుశం గారు దానివైపు చూసి, నేరం నిందితురాలి నోటనే రుజువైనదన్నారు. వకుళ లేచి, తను ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంది.

‘‘అందుకు వీలులేదమ్మా. నొచ్చుకొనుట ఒకసారి నమోదైన పిమ్మట అది మండలి ఆస్తి. మీరు దానిని వ్యక్తిగతముగా అనుభవించుట మానివేసినను, మండలి కొనసాగించును.’’

‘‘ఆవిడ చెప్పింది నిజమండీ. పాలు నిజంగానే పొంగుతాయి. నాకే తెలీదు. పంపేముందు నా ఆటను నేను మొదటినుంచి ఒక్కసారీ ఆడలేదు,’’ అంది వకుళ. మాట బయటికి రాగానే చెవులు వేడెక్కాయి. కిందినుంచి సరిగ్గా అప్పుడే గట్టిమేళం మోగింది.

మేళం ఆగేదాకా ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకుని మంతనాలాడారు. ఆగాక పరాంకుశం గారు లేచి నిలబడ్డారు. ఆయన కళ్లు చెమర్చి ఉన్నాయి.

పరుల ఆటలను ఆడకుండుట సామాన్యులకు సైతము సాధ్యమన్నారాయన. తన ఆటను తానే ఆడకుండా నిగ్రహించుకొనుట మండలి చరిత్రలో ఇదే ప్రథమమన్నారు. పైగా ఈమెయే ఆ గణాంక నివేదిక సమర్పించిన విదుషీమణి అని ఒక సభ్యుడు చెవిలో ఊదాడు. మండలి అప్పటికప్పుడు ఆమెను ప్రధాన అభిప్రాయ సలహాదారుగా నియమించింది. ప్రథమ బహుమతిని ‘పొట్టేళ్ల పందెం’తో కలిపి ‘ఒక్క కాఫీ’కి పంచింది. మొదటిది ఎవ్వరివల్లా తెరుచుకోక మచ్చలేని మార్కులు సంపాదించుకున్న ఆట. వార్డెన్ గారి మీద జీవితకాల నిషేధం ఖరారైంది. ఆవిడ టార్చిలైటు ఆటను ఆ సాయంత్రమే తొలగిస్తారు. షీల్డు బల్ల మీదే సిద్ధంగా ఉంది, ఇత్తడిది, పెద్దది.

వకుళ దాన్ని చూసింది. వాళ్లింట్లో టీవీ పక్కన, ఉగాది జ్ఞాపిక తీసేస్తే, సరిగ్గా అంత జాగా ఉంటుంది. భోంచేస్తూ తలెత్తితే శేషుబాబుకు ఎదురుగా అదే కనబడుతుంది. ఆవిడ ఈ లెక్కలో కొంచెంసేపు, ఎవరైనా చూస్తే సిగ్గుపడాల్సినంత సేపు ఉండిపోయింది. పక్కన ఖమరున్నీసా తాళాలగుత్తిని సంచీలో వేసుకుని, ముడి బిగిస్తోంది. ఆవిడ ఈ మండపంలో ఉన్నవాళ్లందరిలోకీ ఒకే ఒక్క తప్పు చేసింది. వకుళ ఆటలోని కాఫీ కోసం పరిగెత్తడమే ఆ తప్పు.

‘‘మీ దయకు కృతజ్ఞతలండీ,’’ అంది వకుళ. ‘‘కానీ,’’ అంది.

గది బిగుసుకుపోయింది.

‘‘కానీ మొన్న నేను ఆడాను. చివరిదాకా. పాలు పొంగాయి.’’

తెర మీద అక్షరాలు పడ్డాయి: ‘మీ దయకు కృతజ్ఞతలండీ మరియు మరియు మొన్న నేను ఆడాను చివరిదాకా పాలు పొంగాయి.’ పాలు పొంగాయన్నది చూసి సభ్యులిద్దరూ శుభం శుభం అని చప్పట్లు కొట్టారు. రెండోసారి చదివి చేతులు గాల్లో ఆపేశారు. పరాంకుశం గారు షీల్డును మెల్లిగా తనవైపు లాక్కున్నారు.

అలా ఒకే ఉత్తర్వుతో ఇద్దరికీ జీవితకాలం అభిప్రాయాలు రద్దయ్యాయి. ‘పొట్టేళ్ల పందెం’ ఒంటరిగా గెలిచింది. ఆ ఆట చేసినాయన బహుమతి తీసుకోవడానికి వచ్చి, దాన్ని ఎలా తెరవాలో ఎవరైనా చెబుతారా అని అడిగాడట. పూలదండ వేసి పంపేశారు.

ఖమరున్నీసా ఒంగోలు బస్సుకు ఇంకా వ్యవధి ఉంది. ఇద్దరూ బస్టాండు క్యాంటీన్లో కూర్చుని రెండు కాఫీలు చెప్పారు. ఖమరున్నీసా తీరిగ్గా తిట్లు మొదలుపెట్టింది. పరాంకుశాన్ని కాదు, ఆ ఆడకూడదన్న రూలుకు మూలమైన గణాంక నిపుణురాలిని. చదువుకున్నదే అయి ఉంటుంది, చదువుకోనివాళ్లకు అంత తెలివితక్కువ ఆలోచన రాదు, ఒక్కసారి తన హాస్టల్లో దొరికితే నెల్లాళ్లు మెస్సు లెక్కలు రాయించేదాన్నంది. సభ్యుడు పరాంకుశం గారి చెవిలో ఊదిన మాట ఆవిడ చెవిన పడలేదన్నమాట.

‘‘ఎవరో పనిలేని మనిషై ఉంటుందండీ,’’ అంది వకుళ, సంపూర్ణమైన నిష్పాక్షికతతో.

తర్వాత సంచీలోంచి లాప్‌టాప్ తీసి ఆవిడ ముందు పెట్టింది. మండలిలోంచి ఆట బయటపడింది కనుక మొదటి తెర మీద మీట మళ్లీ ‘కానీ’ అని మెరుస్తోంది. ఖమరున్నీసా కళ్లజోడు పెట్టుకుని నొక్కింది.

వకుళ తెరవైపు చూడలేదు. ఆవిడ మొహం చూస్తూ కూర్చుంది. ఈ చూడటం ఆవిడకు బాగా అలవాటే, ఎదుటివాళ్ల నోట్లో ముద్ద లేకపోవడమొక్కటే కొత్త. తలుపు కొట్టిన చప్పుడు వినబడింది. కుళాయి చప్పుడు వినబడింది. రుమాలు అరుపు వినబడింది. ఖమరున్నీసా పెదాలు బిగించి, సీట్లో ముందుకు జరిగి, ఎవరినో పట్టుకోబోతున్నట్టు భుజం వంచి మీటలు నొక్కుతోంది. బల్ల మీద వకుళ కాఫీ మీగడ కట్టింది. ముట్టుకోవాలనిపించలేదు.

కుయ్ కుయ్ కుయ్ అంది లాప్‌టాప్.

ఖమరున్నీసా కళ్లజోడు పైకి నెట్టి తెరను కాసేపు చూసింది. ‘‘కాఫీ వచ్చిందండీ,’’ అంది. ‘‘ఆవిరి కూడా పెట్టారే. వంకర తిరుగుతోంది.’’

వకుళ తల ఊపింది.

‘‘బాగుందండీ. కానీ...’’

అనేసి ఖమరున్నీసా నాలిక్కరుచుకుంది. ఇంకా అలవాటు పోలేదన్నట్టు క్యాంటీన్ గోడల వంక అటూ ఇటూ చూసింది.

వకుళ కుర్చీ దగ్గరికి లాక్కుని, చల్లారిన కాఫీని పక్కకు జరిపి, మోచేతులు బల్ల మీద ఆనించింది.

‘‘ఊఁ, కానీండి,’’ అంది.